ఆ పికప్పులో ఇంజను ఎవరిది

"టీ చల్లారిపోతోందని మీ నాన్నకి చెప్పు," అంది ఆవిడ పొయ్యి దగ్గర్నుంచి తల తిప్పకుండానే.

ఆ నాన్న చెయ్యి చాస్తే అందేంత దూరంలోనే కూర్చుని ఉన్నాడు. అయినా కూతురు, "నాన్నా, టీ చల్లారిపోతోందట," అంది. "తాగుతున్నానని చెప్పు," అన్నాడాయన. పెద్దాడు పోయినప్పట్నుంచీ ఆ మొగుడూ పెళ్ళాల మధ్య మాటలన్నీ ఇలా కూతురి మీదుగానే.

ఏళ్ళ కిందట కూడలిలో ఓ లారీ పక్కనుంచి వచ్చి పెద్దాడి కారును గుద్దేసింది. కొడుకుని సాగనంపిన మర్నాడే తండ్రి ఆ కారును పాత ఇనుము కొట్టుకి తరలించేశాడు. కంట చుక్క నీరు లేదు. పైగా నెల తిరక్కుండానే తన పాత పికప్పు ముందు కూర్చుని, ఉన్న ఇంజను విప్పేసి వేరేది బిగించుకున్నాడు. కొడుకు పోయిన ఇంట్లో ఈ మనిషికి బండి మీద ధ్యాస ఎలా పుట్టిందా అని ఆవిడ మనసు విరిగిపోయింది. మళ్ళీ అతకలేదు.

ఆయన వడ్రంగి. చెక్కలన్నీ ఆ పికప్పులోనే మోసేవాడు. ఇప్పుడు చూపు మందగించింది. ఇక బండి ముట్టుకోవద్దని డాక్టరు గట్టిగా చెప్పేశాడు. పాత బళ్ళంటే ప్రాణం పెట్టే పెద్దమనిషి ఒకాయన కొంటానని వచ్చాడు. బానెట్ ఎత్తి చూసి నోరెళ్ళబెట్టాడు.

"ఈ బండి ఇంజను కాదే ఇది! ఏ ఇంజనో కనుక్కుని చెప్పండి. లేకపోతే రేపు సామాన్ల కోసం నేనెక్కడ తిరగను?"

కూతురు పనిచేసేది గ్యారేజీలోనే. అయినా ఆ బానెట్ మాత్రం ఆయన ఎప్పుడూ ఎత్తనివ్వలేదు. టీ తాగి లేస్తూ తండ్రిని అడిగింది.

"నాన్నా, ఆ ఇంజను ఎక్కడిది?"

"ఏదో కొట్లో దొరికింది."

"ఏ కారుది?"

"గుర్తులేదు. దాన్ని కెలక్కు."

"పాతికేళ్ళ కిందట కొన్న మేకు కూడా ఏ కొట్లోదో చెప్తావు. ఇంజను గుర్తులేదా?"

ఆయన లేచి పనిగదిలోకి వెళ్ళిపోయాడు.

కూతురు బానెట్ ఎత్తింది. టార్చి పట్టుకోవడానికి తల్లి వెళ్ళి పక్కన నిలబడింది.

"అసలు దీనికి ఆరు సిలిండర్లుండాలమ్మా. ఇందులో నాలుగే ఉన్నాయి. ఏదో చిన్న కారుది. పై మూతకీ, నంబరుండే చోటుకీ నల్లరంగు దట్టంగా పులిమేశాడు చూడు."

"నంబరు కనపడకుండానా? ఎందుకు?"

"అదే నాకూ అర్థం కావట్లేదు."

కూతురు థిన్నర్‌లో గుడ్డ ముంచి మూత మీద రుద్దింది. నలుపు కరిగి కారింది. దాని కిందనుంచి చిలకపచ్చ బయటపడింది.

ఆవిడ చూడగానే పోల్చుకుంది. ఇంటి కిటికీలకి వేయగా మిగిలిన రంగది. పెద్దాడు తెచ్చి కారు ఇంజను మూతకి పూస్తుంటే, "బానెట్ కింద ఎవడు చూస్తాడురా?" అని తను తిట్టింది. "నేను చూసుకుంటాగా," అని నవ్వాడు వాడు.

కూతురు నంబరు దాకా వెళ్ళలేదు. గుడ్డ కింద పెట్టేసింది. "అన్నయ్యది," అంది మెల్లగా.

ఆవిడ విసురుగా పనిగదిలోకి వెళ్ళింది. ఇన్నేళ్ళ తర్వాత మొదటిసారి, కూతురి మీదుగా కాకుండా, నేరుగా ఆయన్నే అడిగింది.

"ఎందుకు చెప్పలేదు నాకు?"

చెక్కని నునుపు చేస్తున్న చిత్రిక ఆయన చేతిలో ఆగిపోయింది.

"ఏమని చెప్పను? ఆ కారు తాలూకు మేకు కూడా ఇంట్లో కనపడకూడదన్నావ్. కనపడితే నేనూ బతకనన్నావ్. అన్నంత పనీ చేస్తావని భయమేసింది. మర్నాడే తీసుకెళ్ళిపోయాను."

ఆవిడకి గుర్తొచ్చింది. నేల మీద పడి పొర్లుతూ ఆ మాట అన్నది తనే.

"మరి ఇదెలా మిగిలింది?"

"కారుని నలిపే మిషన్ దగ్గర పెట్టారు. తాళం దానికే ఉంది. ఊరికే తిప్పాను." ఆయన చిత్రిక పక్కన పెట్టేశాడు. "స్టార్టయింది. తలుపు లేదు, సీటు లేదు, ఆ పక్కంతా నుగ్గయిపోయింది. ఇంజను మాత్రం ఏమీ ఎరగనట్టు ఆడుతోంది. ఆడుతున్నదాన్ని మిషన్లో ఎలా వెయ్యమంటావ్? వాణ్ణెలాగూ కాపాడుకోలేకపోయాను."

"మీరు వాణ్ణి మర్చిపోయారనుకున్నాను."

"చెక్కల వంకతో రోజూ వాడితో కాసేపు తిరిగొచ్చేవాణ్ణి."

ఆవిడ బల్ల మీద కూలబడింది. "నన్నూ ఎక్కించుకోవాల్సింది కదండీ," అంటూ బావురుమంది. "ఒక్కదాన్నే ఏడిచాను ఇన్నాళ్ళూ. మీరు పక్కనుండగా ఒక్కదాన్నే."

ఆయన తడుముకుంటూ వచ్చి ఆవిడ పక్కన కూర్చున్నాడు. సాగనంపిన నాడు రాని ఏడుపు ఇప్పుడొచ్చింది. వద్దన్నా ఆగలేదు.

గుమ్మంలో నిలబడ్డ కూతురు కళ్ళు తుడుచుకుంది. "బండి కొంటానన్న ఆయనకేం చెప్పమంటారు?"

"రావద్దని చెప్పు," అంది తల్లి. తర్వాత మొగుడి చెయ్యి పట్టుకుని పికప్పు దాకా నడిపించుకెళ్ళింది. ఆయన్ని స్టీరింగ్ ముందు కూర్చోబెట్టి, తను పక్క సీట్లోకి ఎక్కింది.

"బండి కదపొద్దు. ఊరికే స్టార్ట్ చెయ్యండి."

ఇంజను రెండుసార్లు దగ్గి అందుకుంది. ఆవిడ వెక్కిళ్ళు ఎక్కువయ్యేసరికి, ఆయన కంగారుగా తాళం మీద చెయ్యి వేశాడు. ఆవిడ ఆ మణికట్టు పట్టుకుంది.

"ఆపకండి. కాసేపు ఆడనివ్వండి."