నైనిక రెండో తూటా

రాజీవ్ చనిపోయింది అమెరికాలో, ప్లేనో దగ్గర ఓ షూటింగ్ క్లబ్‌లో, పట్టపగలు, అంతమంది జనం మధ్య. అయినా ఎవరూ ఏమీ చూడలేదు. అది బ్లాక్ పౌడర్ రివాల్వర్ల పోటీ. పాతకాలపు పద్ధతి: తిరిగే సిలిండర్‌లోని ఒక్కో అరలో, అంటే ఛాంబర్‌లో, తుపాకి మందు పోసి, పైన గుండ్రటి సీసపు గుండు పెట్టి, లీవర్‌తో లోపలికి నొక్కాలి. ఒక్కటి పేలితే చాలు, ఎదుటి మనిషి కనిపించనంత పొగ. ఆ పొగలోంచి వచ్చిన గుండు రాజీవ్ గొంతులో దిగింది. ప్రమాదమని రాసి పోలీసులు కేసు మూసేశారు.

ఏజెంట్ దమయంతి మూయలేదు. రాజీవ్ ఆమె తోడబుట్టినవాడు, అదే ఏజెన్సీలో ఏజెంటు. శాటిలైట్ కోడ్లు దొంగిలించి అమ్ముకునే విదేశీ ముఠా వెంటపడి ఆ క్లబ్‌కి వెళ్ళాడు. వెళ్తున్నట్టు తెలిసినవాళ్ళు ముగ్గురే: దమయంతి, చీఫ్ జితేందర్, ముఠాలో చేరి ఏజెన్సీకి కబుర్లు మోసే నైనిక.

నైనిక అమెరికాలోనే, పార్సిప్పనీలో పుట్టి పెరిగింది. ఆమె ఒక్క నవ్వు నవ్వితే ఎంతటివాడైనా పాస్‌వర్డ్ చెప్పేస్తాడని ఏజెన్సీలో జోక్. రాజీవ్ కూడా చెప్పేసి ఉంటాడు, పిచ్చి సన్నాసి.

ఫోన్ మోగింది.

"పల్లి చట్నీ ఉందా?"

"అల్లం ఒక్కటే ఉంది."

కోడ్ సరిపోయింది. జితేందర్ విషయానికొచ్చాడు. "ఆదివారం అదే క్లబ్‌కి కేశవరావు పోతున్నడు. వద్దంటే ఇంటలేడు." ఆ కోడ్లు రాసిన ఇంజినీరు కేశవరావు. సోమవారం కోర్టులో ముఠా మీద సాక్ష్యం చెప్పాలి. "ఆయనకు చిన్న గీత గూడ పడొద్దు. నైనిక మీద నీకు డౌట్ ఉంటే రెడ్‌హ్యాండెడ్‌గ పట్టు. ప్రాణాలతోని పట్టు."

"ప్రాణాలతోనా, సర్?"

"నాకు పేర్లు గావాలె దమయంతీ. శవం మాట్లాడది."

దమయంతి ఫోన్ పెట్టేసింది. తర్వాత నైనికకి కాల్ చేసి, తీరిగ్గా ఓ అబద్ధం చెప్పింది.

"కేశవరావు అంకుల్‌కి కోటు లోపల బుల్లెట్‌ప్రూఫ్ వెస్ట్ వేయిస్తున్నాం. ఎండ కదా, పల్చటిదే. రౌండ్ బాల్ గుండుకి అది చాల్లే."

"ఓ, గుడ్ అక్కా. అంకుల్ సేఫ్‌గా ఉండాలి కదా!"

మర్నాడే నైనిక క్లబ్ షాప్‌కి వెళ్ళి కోనికల్స్ కొంది. కోనికల్ అంటే మొనదేలిన తూటా. గుండు కంటే బరువు, ఇంకా లోతుకు దిగుతుంది. కాపాడాల్సిన మనిషికి వెస్ట్ ఉందని విని తూటా మార్చేది ఎవరు? చంపదలుచుకున్నవాళ్ళే. షాప్‌లో కోనికల్స్ ఉన్నది ఒకే ఒక్క బాక్స్. అది పెట్టించింది దమయంతి. అందులో తూటాలు ఉండాల్సిన దానికంటే వెంట్రుకవాసి సన్నం.

ఆదివారం అందరూ టేబుళ్ళ దగ్గర లోడ్ చేస్తున్నారు. గుండు ఛాంబర్ కంటే కాస్త పెద్దదిగా ఉంటుంది. లీవర్ నొక్కగానే అంచు చెక్కుకుపోయి సన్నటి సీసపు రింగు రాలుతుంది. రింగు రాలిందంటే గుండు బిగిసినట్టే. నైనిక టేబుల్ మీద ఒక్క రింగు కూడా లేదు.

"సో స్మూత్!" అని మురిసిపోయింది నైనిక.

దమయంతి తన రివాల్వర్‌లో ఐదు గుండ్లు బిగించుకుని, కేశవరావు కుర్చీ పక్కకి వెళ్ళి నిలబడింది. నైనిక పద్ధతి ఆమెకు అర్థమైంది. మొదటి షాట్ అందరికీ కనిపించేలా ఇనప ప్లేట్ మీద కొడుతుంది. పొగ లేచాక రెండోది మనిషి మీద. రాజీవ్‌ని చంపింది అలాగే.

బజర్ మోగింది. నైనిక కాల్చింది. ప్లేట్ ఖంగుమంది. పొగ కమ్ముకుంది. అందులోంచి రివాల్వర్ గొట్టం మెల్లగా కేశవరావు వైపు తిరిగింది.

దమయంతి ఆయనకు అడ్డంగా నిలబడింది. సన్నటి తూటాలు జారకపోతే ఇవాళే తమ్ముడి దగ్గరికి వెళ్ళిపోతుంది. ఆమెకు భయం వేసింది. అయినా కదల్లేదు.

రెండో షాట్‌కి సిలిండర్ తిప్పే హ్యామర్‌ని నైనిక వెనక్కి లాగింది. రాలేదు. రెండు చేతులతో లాగింది. అయినా రాలేదు.

"రాదు," అంది దమయంతి. "నీ తూటాలకి పట్టు లేదు. మొదటి దెబ్బకి గన్ అదిరి, మిగతావి ముందుకు జారాయి. మొనలు అడ్డంపడి సిలిండర్ తిరగదు. ఆ బాక్స్ నేనే పెట్టించాను."

నైనిక చేతిలోంచి రివాల్వర్ జారిపోయింది. "అక్కా, ప్లీజ్. నాకు ఆర్డర్స్ వచ్చాయి. రాజీవ్ అంటే నాకు ఇష్టమే, ఐ స్వేర్."

ఇష్టమట! దమయంతి కళ్ళు ఎర్రబడ్డాయి. తన రివాల్వర్ గొట్టం తీసుకెళ్ళి నైనిక నుదుటికి ఆనించింది. వేలు ట్రిగ్గర్ మీదికి వెళ్ళింది. తన చెవుల మీద చప్పుడు ఆపే ఇయర్‌మఫ్‌లో దాచిన రేడియోలో జితేందర్ అరుస్తున్నాడు. "ప్రాణాలతోని, దమయంతీ!"

దమయంతి గొట్టాన్ని నుదుటి మీంచి పక్కకి తిప్పింది. తర్వాత నైనిక ఎడమ చెవి మీది ఇయర్‌మఫ్ లాగి పారేసింది.

"మా తమ్ముడు ఆఖరిసారి విన్న చప్పుడు ఇది. నువ్వూ విను."

ఆ చెవి పక్కనుంచి ఐదు గుండ్లూ ఎదురుగా ఉన్న మట్టికట్టలోకి కాల్చింది. నైనిక చెవి మూసుకుని నేలమీద కూలబడింది. పొగలో దగ్గుతూ కేశవరావు ఎవరు గెలిచారని అడుగుతున్నాడు.

"ఐదు సప్పుళ్ళు ఇన్న," అన్నాడు రేడియోలో జితేందర్. "సంపినవా ఏంది?"

"లేదు సర్. పేర్లన్నీ చెప్తుంది. ఇంటరాగేషన్‌లో మాత్రం కుడివైపు కూర్చోండి."