ధర పడకముందే

ఆ ఉదయం మబ్బు సముద్రం వైపు నుంచి లేచింది. బాపట్ల మీదుగా తెనాలి చేరేసరికి పల్చబడి, వాన కురవక, ఎండ కాయక, ఊరంతా నీళ్ళ అడుగున ఉన్నట్టు మసకగా ఉంది. కాలవకి ఆ వారమే నీళ్ళు వదిలారు. వంటింటి కిటికీలోంచి ఎర్రటి కొత్తనీటిని చూస్తూ నీరజ పాలు పొంగబెట్టేసింది.

"ఏంటి, పొయ్యికి పాలు పోస్తున్నావా?" అంటూ మధుసూదన్ జిలేబీ పొట్లం విప్పాడు. "రిజర్వు బ్యాంకువాళ్ళు మళ్ళీ వడ్డీ తగ్గించారు. మన ఇంటి లోను ముందే తీరిపోతుంది."

"ఎందుకు తగ్గించారటండీ?"

"ధరలు అదుపులోకొచ్చాయట. వడ్డీ తగ్గితే జనం అప్పుచేసి ఇళ్ళు కడతారు, బండ్లు కొంటారు. మా షోరూముకి కళొస్తుంది."

"ధరలు తగ్గాయా?" వరండాలోంచి శివరామయ్య అన్నాడు. "నా బీపీ మాత్రలు అమ్మేవాడికి ఆ కబురు ఇంకా అందలేదురా."

నీరజకి నవ్వొచ్చింది గానీ, మామగారి ముఖం చూసి ఆగిపోయింది. అత్తగారు పోయాక ఆయన వీళ్ళ దగ్గరికి వచ్చాడు. పిట్టలవానిపాలెంలో పొలం అమ్మిన డబ్బు బ్యాంకులో డిపాజిట్ వేశాడు. నెలనెలా వచ్చే వడ్డీతో ఇంటికి కూరగాయలు ఆయనే తెచ్చేవాడు. ఆదివారం రేపల్లె చేపలు కూడా ఆయనవే. కొడుకు చెయ్యి అడ్డం పెడితే ఊరుకునేవాడు కాదు. అలాంటిది ఈమధ్య ఆయన సంచి తేలిగ్గా వస్తోంది. ఒక తోటకూర కట్ట, నాలుగు పచ్చిమిరపకాయలు. కంచంలో మారు వడ్డించబోతే చెయ్యి అడ్డం పెడుతున్నాడు. "అరగడం లేదమ్మాయ్," అంటాడు. అరగకపోవడం కాదని ఆమెకి తెలుసు. ఏమిటో మాత్రం తెలియలేదు.

మధుసూదన్ జిలేబీ తీసుకెళ్ళి తండ్రి చేతిలో పెట్టాడు. "నువ్వు దిగులుపడకు నాన్నా. కొత్తగా వేసేవాళ్ళకే తక్కువ. నీ డిపాజిట్‌కి గడువు తీరేదాకా పాత వడ్డీయే."

శివరామయ్య చెయ్యి నోటిదాకా వెళ్ళి ఆగింది. "గడువుదాకా పాతదేనా?"

"అవును. ఎవడూ ముట్టుకోలేడు."

ముసలాయన జిలేబీ అరుగు మీద పెట్టేశాడు. "నేను తీసేశాన్రా."

"ఏంటీ?"

"కిందటి నెల. రేట్లు పడతాయని టీవీలో ఒకటే గోల. పడకముందే తీసేస్తే మంచిది కదా అని."

"అదేమన్నా వడ్లా నాన్నా, ధర పడకముందే అమ్మేసుకోవడానికి?"

"అలాగే అనుకున్నాను." ఆయన గొంతు తగ్గింది. "బ్యాంకులో అమ్మాయి వద్దనే చెప్పింది. చేతికొచ్చిన సరుకు ఏ కొట్టువాడు మాత్రం వదులుకుంటాడు, అందుకే చెబుతోందనుకున్నా."

"ముందే తీశావని కోత వేసుంటారు. ఇప్పుడు మళ్ళీ వేస్తే తక్కువ వడ్డీ. బుద్ధున్నవాడెవడైనా... ఒక్క మాట నన్నడిగితే ఏం పోయేది?"

"నువ్వు ఈ ఇల్లు కొన్నప్పుడు నన్నడిగావా?" శివరామయ్య లేచాడు. "వడ్డీ తగ్గితే నీకు జిలేబీలు. నాకు బుద్ధిలేదన్న మాట. రేపు పిట్టలవానిపాలెం పోతాను. తమ్ముడి వసారాలో పడుంటా. ఉత్తచేతుల్తో మీ కంచంలో చెయ్యి పెట్టలేను."

గది తలుపు దగ్గరికి వేసుకున్నాడు. జిలేబీ అరుగు మీదే ఉంది. దాని చుట్టూ చీమలు చేరుతున్నాయి.

నీరజ కిటికీ దగ్గర నిలబడింది. ఆమె పుట్టిల్లు చెరుకుపల్లి, కాలవ చివరి భూములు. ఎక్కడో పైన ఎవరో షట్టరు జానెడు ఎత్తేవారు. ఎత్తినవాళ్ళకి వీళ్ళ పొలం తెలియదు. అయినా ఒక మడి మునిగేది, ఒక మడి తడిసేది. రెండు మడుల మధ్య ఉన్నది చిన్న గట్టే. నాన్న పారతో ఆ గట్టుకి గండికొట్టడం కలలోలాగా కళ్ళముందు కదిలింది. నీళ్ళు అటునుంచి ఇటు నిదానంగా నడిచి వచ్చేవి.

ఆమె వెళ్ళి తలుపు తోసింది. ఆయన పంచెలు మడుస్తున్నాడు.

"మావయ్యగారూ, మీ ఊళ్ళో ఎవరికైనా విత్తనాలు చాలకపోతే ఏం చేసేవారండీ?"

"నాముకిచ్చేవాణ్ణి. పంటొచ్చాక కాస్త కలిపి తిరిగి కొలిచేవాళ్ళు."

"మాకూ ఇవ్వండి, నాముకి."

మడత ఆగింది.

"ఆ డబ్బు మా లోనులో కట్టేస్తాం. ఎంత తగ్గినా, బ్యాంకు మీకిచ్చే వడ్డీ కంటే మా దగ్గర లాగేదే ఎక్కువండి. అలా మాకు మిగిలే వడ్డీలోంచి నెలనెలా మీ పాత వడ్డీ మీకిస్తాం. ఊరికే కాదండి, అప్పుగానే అడుగుతున్నాను."

ఆయన చేతిలో పంచె మంచం మీద పెట్టాడు. "నాముకిస్తే తిరిగి రాబట్టుకోవడం నాకు తెలుసమ్మాయ్. మీవాడు సరిగ్గా కొలుస్తాడా అని."

"ఒకటో తారీకు తప్పితే షోరూముకొచ్చి అందరిముందూ నిలదీయి నాన్నా." గుమ్మంలో మధుసూదన్ నిలబడి ఉన్నాడు. కళ్ళు ఎర్రబడ్డాయి. "అనకూడని మాట అన్నాను."

"వడ్ల సంగతి నిజమే కదరా," అన్నాడు శివరామయ్య. మడిచిన పంచెలు మళ్ళీ దండెం మీద వేశాడు. తర్వాత మేకుకున్న సంచి అందుకుని, చెప్పులు వేసుకుని వెళ్ళిపోయాడు.

తిరిగి వచ్చేటప్పటికి సంచి బరువుకి ఒక భుజం వంగి ఉంది. రేపల్లె చేపలు. నీరజ పులుసు పెట్టింది. పొద్దుటి నుంచి ఆగిన వాన అప్పుడు మొదలైంది. ముగ్గురూ వంటింట్లోనే కింద కూర్చున్నారు. కాలవ మీద చినుకుల చప్పుడు వినిపిస్తోంది. మధుసూదన్ ముల్లు తీసిన ముక్క తండ్రి కంచంలో వేశాడు. ఆయన వద్దనలేదు.

కాసేపటికి శివరామయ్య కంచం ముందుకు జరిపాడు. నీరజ మారు అన్నం వడ్డించింది.