ఒక్క చప్పట

వైట్ కొరోల్లా ఇంకా వెనకే ఉంది.

జయదేవ్ అద్దంలోకి చూడడు. చూడక్కర్లేదు. ఆ కారు ఎహసాన్‌ది. కస్టడీలో ఉన్న యాసిర్ తమ్ముడిది.

హారన్... మళ్ళీ హారన్!

పొద్దుగూకిన వేళ మగ్రిబ్ నమాజు అయింది. ఈ గల్ఫ్ ఊళ్ళో, బౌషర్ రోడ్లన్నీ కార్లే. రౌండబౌట్‌లో లేన్ కట్ చేస్తాడు. ఎవడో అరబ్బీలో తిడతాడు. పక్క సీట్లో లాప్‌టాప్ జారుతోంది. కుడిచేత్తో పట్టుకుంటాడు.

ఆపితే ఎహసాన్ కొడతాడని కాదు. కొడితే బావుణ్ణు. ఏ మొహం పెట్టుకుని ఎదురుపడాలి?

యాసిర్‌ని లోపల వేయించింది తనే.

పోయిన నెల దార్సైట్‌లో లాస్య అనే అమ్మాయి కూచిపూడి రంగప్రవేశం. వీడియో జయదేవ్‌ది. మూడు కెమెరాలు పెట్టాడు. సౌండ్ మాత్రం ఒకటే, మైకులు చూసే యాసిర్ మిక్సర్ నుంచి వచ్చే ట్రాక్. ప్రోగ్రాం మధ్యలో నాట్యం మాస్టారు సూర్యప్రకాశ్ గారు గ్రీన్‌రూమ్ వెనక మెట్ల కింద శవమై దొరికారు. ఆయన చొక్కాకున్న మైకు చప్పుడు స్పీకర్లలోకి వెళ్ళదు, రికార్డింగ్‌లోకి వెళ్తుంది. అందులో ఆయన కేక ఉంది!

మూడు కెమెరాలూ ఆ సౌండుతో కలిపి ఇమ్మన్నారు పోలీసులు. కలిపి ఇచ్చాడు.

కేక వినిపించిన క్షణంలో, మూడో కెమెరాలో, గ్రీన్‌రూమ్ కారిడార్లో... యాసిర్ పరిగెడుతున్నాడు.

అంతే. తీసుకెళ్ళిపోయారు.

యాసిర్ భార్య తయ్యబా ఒక్క మాట అనలేదు. ఎప్పటిలాగే రోజూ స్టూడియోకి క్యారియర్ పంపుతోంది. జయదేవ్ భాయ్‌కి వంట రాదు, మానొద్దని మొగుడు చెప్పి వెళ్ళాడట. ఆ గోంగూర మాంసం గొంతు దిగడం లేదు. సిగ్గుతో చచ్చిపోతున్నాడు.

ఇవాళ తెలిసింది... తప్పు యాసిర్‌ది కాదు.

షూటింగ్ మొదట్లో మూడు కెమెరాల ముందు ఒక్క చప్పట కొడతారు. ఆ చప్పుడు పట్టుకుని బొమ్మనీ సౌండునీ కలుపుతారు. మధ్యలో మూడో కెమెరా బ్యాటరీ అయిపోయి ఆగింది. స్పేర్ వేసి మళ్ళీ ఆన్ చేశాక చప్పట కొట్టలేదు. ఏముందిలే అనుకుని జయదేవ్ మృదంగం దెబ్బలు చూసి కలిపేశాడు.

నాట్యంలో తీర్మానం, అంటే ముగింపు జతి, మూడుసార్లు వస్తుంది. అవే దెబ్బలు. స్క్రీన్ మీద అదే సౌండ్ గీత.

మూడో తీర్మానం దగ్గర ఆన్ అయిన కెమెరాని మొదటిదానికి అతికించాడు!

సరిగ్గా జరిపితే... కేక ముందు. యాసిర్ తర్వాత. హెడ్‌ఫోన్‌లో కేక విని కాపాడటానికి పరిగెత్తాడు వాడు.

ముందుకెళ్ళి ఒక్కసారి చూసుకుంటే తెలిసేది. చూసుకోలేదు. బద్ధకం.

ఫోన్ తీస్తాడు. "బావా, యాసిర్ కాదు. నేనే తప్పు కలిపాను. స్టేషన్‌కి వెళ్తున్నా."

అటువైపు చైతన్యకృష్ణ. అక్క దమయంతి భర్త. ఓ కంపెనీలో వీసాల పని చూస్తాడు.

"ఎవరికైనా చెప్పావా?"

"లేదు."

"తొందరపడకురా. తప్పుడు సాక్ష్యం అంటే నిన్నూ లోపలేస్తారు. ఖురియాత్ రోడ్డు ఎక్కగానే పెట్రోల్ బంక్ ఉంటుంది కదా, దాని వెనకాల ఆగు. లాయర్‌తో మాట్లాడి వస్తా."

సడన్‌గా ఎగ్జిట్ తీసుకుంటాడు. కొరోల్లా ముందుకు వెళ్ళిపోతుంది.

బంక్ వెనక బోడికొండ. ఇంజన్ ఆపి లాప్‌టాప్ తెరుస్తాడు. మూడో కెమెరా సొంత సౌండ్ ఆ రోజు కలిపాక మ్యూట్ చేసేశాడు. ఇప్పుడు ఆన్ చేస్తాడు.

మృదంగం... దాని మీద ఇంకేదో.

ఎవరో రొప్పుతున్నారు. కెమెరాకి ఆనుకుని!

ఆ రోజు సాయానికొచ్చి మూడో కెమెరా దగ్గర నిలబడింది, బ్యాటరీ మార్చానన్నదీ బావే.

అక్క గుర్తొస్తుంది. లాప్‌టాప్ ఇప్పుడే మూసేసి ఇంటికి పోతే? ఆ ఆలోచన వచ్చినందుకు తన మీద తనకే అసహ్యం వేస్తుంది.

ఎహసాన్‌కి ఫోన్ కలుపుతాడు.

"భాయ్, ఎందుకు పారిపోతున్నవ్? నా కార్లో..."

"ఏం మాట్లాడకు ఎహసాన్. లొకేషన్ పంపిస్తున్నా. కాల్ కట్ చెయ్యకు. రికార్డ్ చెయ్."

ఫోన్ జేబులోకి. అద్దం దగ్గరి డాష్‌కామ్ కెమెరా లోపలికి తిరుగుతుంది. లాప్‌టాప్ కెమెరా ఆన్. వెనక సీట్లో ఇంకో చిన్న కెమెరా.

డోర్ తెరుచుకుంటుంది. చైతన్యకృష్ణ ఎక్కుతాడు.

జయదేవ్ ఒక్క చప్పట కొడతాడు.

"ఏంట్రా?"

"దోమ."

"ఆ రోజు షూటింగ్ హార్డ్ డిస్క్ ఇటివ్వు."

"ఎందుకు బావా? మాస్టారు ఏం చేశారు నిన్ను?"

బావ అద్దంలోంచి బయటికి చూస్తాడు.

"ఇళ్ళల్లో పనికని తెచ్చానే, ఆ ఆడవాళ్ళు... పాస్‌పోర్టులు లాక్కున్నానని ఎవతో ఆయనకి చెప్పింది. ప్రోగ్రాంకి ముందే నాతో, రేపు ఎంబసీకి పోతానన్నాడు. వెనక నుంచి తోశాను. మెట్లున్నాయని చూసుకోలేదు."

"యాసిర్‌కి పిల్లలున్నారు బావా."

"నీ అక్కకి నేనున్నాను. దాని మొహం చూసి నోరు మూసుకో."

లాప్‌టాప్ అంచున చిన్న లైట్. బావ చూసేస్తాడు!

లాక్కుని కిటికీలోంచి విసురుతాడు. రాళ్ళ మీద పగులుతుంది. డాష్‌కామ్ పీకుతాడు. జయదేవ్ గొంతు పట్టుకుంటాడు.

"ఇంకెక్కడుంది రా?"

"బొమ్మలు పోతే పోనీ..." ఊపిరి అందడం లేదు. "సౌండ్ ఇక్కడ లేదు."

వెనక నుంచి హెడ్‌లైట్లు!

వైట్ కొరోల్లా అడ్డంగా ఆగుతుంది. ఎహసాన్ దిగుతాడు. చేతిలో ఫోన్. కాల్ ఇంకా నడుస్తోంది.

కొరోల్లా వెనక డోర్ కూడా తెరుచుకుంటుంది.

దమయంతి.

బావ చేతులు వాటంతట అవే జారిపోతాయి.

అక్క మొగుడి వైపు చూడదు. తమ్ముడి కిటికీ దగ్గరికి వచ్చి అరచెయ్యి చాపుతుంది.

"సాయంత్రం నుంచి నిన్నే వెతుకుతున్నాం. నువ్వు ఆగవు. ఇది మీ బావ బ్యాగులో దొరికింది, జయా."

అరచేతిలో... మూడో కెమెరా కోసం జయదేవ్ ఇచ్చిన స్పేర్ బ్యాటరీ.

సీలు కూడా తీయలేదు.