పసుపు కవరు తీసిందెవరు?

తలుపుకు తగిలించిన పసుపు కవరు మాయమైంది. దాని వెనకే ఇల్లూ పోయింది.

ఇల్లు ఓపల్ గేదర్‌ది. ఎనభైకి దగ్గర పడిన మనిషి. డెట్రాయిట్ తూర్పు పేటలో ఆ ఇంట్లోనే కాపురం చేసింది, మొగుణ్ణి సాగనంపింది. ఇంటి పన్ను బాకీ కింద కౌంటీ, అంటే అక్కడి జిల్లా సర్కారు, దాన్ని వేలం వేసింది. సోమవారం ఖాళీ చెయ్యాలి.

అసలు ఆమె పన్ను కట్టక్కర్లేదు. రాబడి లేని సొంతింటివాళ్లకు నగరం పన్ను మాఫీ చేస్తుంది. ఓపల్‌కూ ఒకసారి చేసింది. కానీ ఏటా మళ్లీ అడగాలి. ఒకసారి ఇచ్చాక ఇచ్చినట్టేననుకుంది ఆ పిచ్చితల్లి. ఆ పేటలో సగంమంది అనుకునేదీ అదే.

ఆఖరి హెచ్చరిక, మాఫీ దరఖాస్తు ఫారం, రెండూ ఆ కవరులోనే ఉన్నాయి. అది తగిలించిన డిసెంబర్లో ఓపల్ తుంటి విరిగి ఆసుపత్రిలో పడి ఉంది.

జడ్జి ఒకటే మాటన్నాడు. తలుపుకు తగిలిస్తే అందినట్టే లెక్క. కొన్నవాళ్లే దాన్ని తీసేసినట్టు రుజువైతే మాత్రం వేలం రద్దు.

ఆ రుజువు కోసం వెర్నా ప్రూయిట్ రంగంలోకి దిగింది. రిటైరైన పోలీస్ డిటెక్టివ్. ఇప్పుడు ఉచిత న్యాయ సహాయం ఆఫీసులో పని. చేతిలో ఉన్న ఎవిడెన్స్ ఒక్కటే. కవరు తగిలించి కౌంటీ మనిషి తీసిన ఫోటో.

ముందు డ్వేన్ హోల్ట్‌ని పట్టుకుంది. ఇల్లు కొన్న కంపెనీకి ఏజెంటు.

“వేలానికి ముందు ఆ ఇంటికి వెళ్లావా?”

“డిసెంబర్లో వెళ్లా. కారు దిగలేదు.”

“ఎందుకు దిగలేదు?”

“లోపల మనుషులున్నారు కదా మేడం. ఖాళీ కొంపలైతేనే మాకు గిట్టుబాటు.”

“మరెందుకు కొన్నారు?”

“ఆన్‌లైన్లో చవగ్గా వచ్చింది. కొన్నాం.”

డిసెంబర్లో ఆ ఇంట్లో పిల్లి కూడా లేదు. వెర్నా ఆ ఫోటోను మళ్లీ బయటికి తీసి చూసింది. ఇన్నాళ్లూ అందరూ పసుపు కవరునే చూశారు. ఈసారి ఆమె అంచులు చూసింది. చూశాక నేరుగా ఓపల్ దగ్గరికి వెళ్లింది.

“పెద్దమ్మా, ఇక్కడితో వదిలేద్దాం” అంది ఓపల్‌తో.

“వదలను. నా కొంప ముంచినవాడి మొహం నేను చూడాలి.”

శనివారం పొద్దున వెర్నా పిలుపు మీద డ్వేన్‌తో సహా అందరూ ఓపల్ ముందుగదిలో చేరారు. చుట్టూ అట్టపెట్టెలు. ఓపల్‌కు తమ్ముడిలా మెలిగే పక్కింటి ఏమస్ వేయించిన చేపముక్కలు పట్టుకొచ్చాడు.

“తాళాలు ఇవాళే ఇచ్చేస్తారా?” అన్నాడు డ్వేన్.

“ఇల్లు కాలి ఒకడేడుస్తుంటే చుట్టకు నిప్పడిగాట్ట!” ఏమస్ కస్సుమన్నాడు. “వీడేనమ్మా దొంగ!”

వెర్నా ఫోటో బల్ల మీద పెట్టింది.

“మెట్ల మీద మంచు ఎవరో ఎత్తేశారు. వాకిట్లో కారు చక్రాల జాడలు. పెద్దమ్మకు కారు లేదు. రోడ్డు పక్కన చెత్తడబ్బా, నిండుగా. ఖాళీ ఇంట్లో చెత్త ఎక్కడిది?”



“ఇల్లు కాజెయ్యాలనుకున్నవాడికి అది ఖాళీగా కనబడాలి. ఇక్కడ ఎవరో మనుషులున్నట్టు చూపించడానికి తిప్పలు పడ్డారు. ఏమస్, ఆ చెత్త నీదేనా?”

ఏమస్ చేపల పళ్లెం బల్ల మీద పెట్టేశాడు.

“నాదే. రాగి పైపులు కోసుకుపోయే దొంగలు తిరుగుతున్నారమ్మా. ఖాళీ అని తెలిస్తే రాగితీగ ముక్క కూడా మిగల్చరు. ఈ వీధిలో ఎవరూరెళ్లినా మేమంతా చేసేదే.”

“పసుపు కవరు?”

“అది తలుపుకుంటే ఇల్లు పోతోందని ఊరంతా చాటినట్టే కదా. అందుకే తీసేశా. ఉత్తరాలతో కలిపి సంచిలో కట్టి ఇంటి కింద బేస్‌మెంట్ గదిలో పెట్టా. అక్క ఇంటికొచ్చిన సంతోషంలో చెప్పడం మర్చిపోయా. మీరు వెతుకుతున్నది అదేనని నాకు తెలీదు.”

తుంటి విరిగిన మనిషి బేస్‌మెంట్ మెట్లు దిగదు. వెర్నా దిగింది. సంచి అక్కడే ఉంది. పసుపు కవరు చింపనైనా లేదు.

“ఇది తీసింది కొన్నవాళ్లు కాదు. ఇక వేలం రద్దు కాదు” అంది వెర్నా. ఆ మాట చెప్పడం ఆమెకు చచ్చేంత బాధనిపించింది.

డ్వేన్ ఊపిరి పీల్చుకున్నాడు. ఏమస్ ఓపల్ దగ్గరికొచ్చాడు.

“అక్కా, ఒక్క మాట అను. తిట్టు.”

ఓపల్ అతనివైపు చూడలేదు. తాళాలు డ్వేన్ చేతిలో పెట్టింది. తర్వాత వెర్నా చెయ్యి పట్టుకుంది.

“నిన్నటిదాకా నాకు ఇల్లొక్కటే పోయిందమ్మా.”