గుస్సాడి టోపీలోని ఐదు ఈకలు

మధ్యాహ్నం గంట కొట్టి చాలాసేపయింది. గంగుబాయి ఇంకా బడికి రాలేదు.

కైలాసం సార్ వరండాలో రెండు బెంచీలు ఎదురెదురుగా పెట్టి పడవ చేశారు. అందులో కూర్చోవాల్సింది గంగుబాయే. రేపు ఇన్‌స్పెక్టరు గారు జీపులో వస్తున్నారు. ఆయన ముందు ఐదో తరగతి పిల్లలు 'దేశదేశాల జనం' నాటిక వెయ్యాలి. పడవ ఖాళీగా ఉంటే ఇక నాటికేముంటుంది?

అదే తరగతి కొమురవ్వ మాత్రం పడవ వైపు చూడటం లేదు. ఒళ్ళో ఉన్న సంచీని రెండు చేతులతో అదిమి పట్టుకుంది. సంచీలో ఐదు నెమలి ఈకలున్నాయి. అవి ఆమెవి కావు.

వారం కిందట సార్ క్లాసుకు ఒక బొమ్మల పుస్తకం తెచ్చారు. అమెరికాలో డకోటా అనే జనం ఉన్నారట. పూర్వం అడవి దున్నల్ని వేటాడి, వాటి తోళ్ళతో గుడారాలు వేసుకునేవారట. వాళ్ళ పొరుగున ఓజిబ్వే జనం. వాళ్ళు చెట్టు బెరడుతో పడవలు చేస్తారు. చెరువుల్లో దానంతటదే పెరిగే ధాన్యాన్ని రెండు కర్రలతో మెల్లగా తట్టి పడవలోకి రాల్చుకుంటారు. నీళ్ళలో పడ్డ గింజలను వదిలేస్తారు. అవే మరుసటి ఏడు మళ్ళీ మొలుస్తాయి.

తాము కూడా ఇప్పపువ్వు రాలాకే ఏరుకుంటామని గంగుబాయి లేచి చెప్పింది. ఆమె గోండుల పిల్ల. ఆ మాటకు సార్ మురిసిపోయి పడవ ఆమెకే ఇచ్చారు.

డకోటా నాయకుడి వేషం కొమురవ్వకు దక్కింది. ఆమె గొంతు ఊరవతలికి కూడా వినిపిస్తుంది మరి. బొమ్మలో నాయకుడి తల మీద గద్ద ఈకలున్నాయి. ఒక్కో ఈక ఒక్కో ధైర్యానికో, మంచిపనికో గుర్తని, పెద్దలు పిలిచి ఇస్తే తప్ప ఎవరూ పెట్టుకోరని సార్ చెప్పారు. కొమురవ్వ ఆ మాట విన్నది. కానీ కళ్ళు బొమ్మ మీద అతుక్కుపోయి ఉంటే, చెవిలో పడ్డ మాట ఎంతసేపు నిలుస్తుంది?

వాళ్ళ బాపు రాజయ్య దర్జీ. బిడ్డ అడగ్గానే ఎర్ర గుడ్డతో తలపట్టీ కుట్టి, ఈకలు దోపడానికి ఐదు చిన్న జేబులు పెట్టాడు. పట్టీ సిద్ధమైంది. ఈకలే లేవు. కోడి ఈకలు పెడితే క్లాసంతా నవ్వుతుంది.

నిన్న సాయంత్రం ఆమె గంగుబాయి ఇంటికి వెళ్ళింది. దీపావళి దగ్గర పడింది. గోండుల దండారి ఆటల రోజులు. గుస్సాడి వేషం కట్టేవాళ్ళు తల మీద పెట్టుకునే పెద్ద టోపీ వాకిట్లో మంచం మీద ఎండకు పెట్టి ఉంది. దాని నిండా నెమలి ఈకలే. గంగుబాయి తాత జంగు దాన్ని ముట్టుకునే ముందు చేతులు కడుక్కుని దండం పెడతాడు. మనవరాలిని కాపలా పెట్టి ఆయన పొలానికి వెళ్ళాడు.

దాహమేస్తోంది, నీళ్ళు కావాలని కొమురవ్వ అడిగింది. గంగుబాయి లోపలికి వెళ్ళింది. తిరిగి వచ్చేసరికి టోపీ వెనకవైపు ఐదు ఈకలు లేవు. ఇన్ని వందల్లో ఐదు పోతే ఎవరికి తెలుస్తుందిలే అనుకుంది కొమురవ్వ.

జంగు తాతకు తెలిసింది.

గంగుబాయి ఎందుకు రాలేదో కనుక్కుందామని వెళ్ళిన సార్ అప్పుడే తిరిగొచ్చారు. ఆయన ముఖం వాడిపోయి ఉంది. టోపీలో ఈకలు పోయాయని, కాపలా ఉన్న పిల్ల మీద తాత మండిపడుతున్నాడని, దండారి అయ్యేదాకా బడి వద్దంటున్నాడని చెప్పారు.

"ఇంటికి ఎవరొచ్చారని తాత ఎన్నిసార్లు అడిగినా, ఎవ్వరూ రాలేదనే చెప్పిందట" అన్నారు సార్.

కొమురవ్వ సంచీని ఇంకా గట్టిగా అదిమింది. తన పేరు చెప్పి ఉంటే గంగుబాయి ఈపాటికి పడవలో కూర్చుని ఉండేది. చెప్పలేదు. సంచీ ఒక్కసారిగా బరువెక్కినట్టనిపించింది. సిగ్గుతో తల ఎత్తలేకపోయింది.

ఆ రాత్రి అన్నం సహించలేదు. తెల్లవారగానే ఈకలు తీసుకుని గోండుగూడెం దారి పట్టింది. దారిలో రెండుసార్లు వెనక్కి తిరిగింది. రెండుసార్లూ మళ్ళీ ముందుకే నడిచింది.

జంగు తాత వాకిట్లోనే ఉన్నాడు. టోపీ పక్కన గంగుబాయి మోకాళ్ళ మీద గడ్డం ఆనించి కూర్చుంది. ఆమె కళ్ళు వాచి ఉన్నాయి. కొమురవ్వ చేతులు చాచింది. ఊరవతలికి వినిపించే గొంతు ఎటు పోయిందో మరి.

"నేనే గుంజిన తాతా. గంగుబాయికి ఏం తెల్వది" అంది చివరికి.

తాత ఈకలు తీసుకుని ఒక్కొక్కటే వెలుతురులో తిప్పి చూశాడు. ఐదో ఈక దగ్గర ఆగిపోయాడు. పట్టీ జేబులో పట్టడం లేదని కొమురవ్వ ఇంటి దగ్గరే దాని కాడను సగానికి కత్తిరించింది.

"అడివిల నెమలి తనంతట తాను ఇడిసినంకనే ఏరుకచ్చిన. గిన్ని ఈకలకు నా జల్మంత పట్టింది, బిడ్డా. ఒక్కటి గూడ గుంజలే" అన్నాడు తాత.

ఆయన తిట్టలేదు. తిడితే బాగుండుననిపించింది కొమురవ్వకు. చేతులు కడుక్కుని రమ్మన్నాడు. దారం కొస పట్టుకోమన్నాడు. నాలుగు ఈకలు మళ్ళీ కట్టేదాకా ఆమె కదలకుండా పట్టుకుంది. కత్తిరించిన ఈకను ఆయన టోపీలో పెట్టలేదు. తలపాగా విప్పి, ఆ మడతలో దాచుకున్నాడు. తర్వాత మనవరాలి తల నిమిరి, బడికి పొమ్మన్నాడు.

ఇద్దరూ కలిసే నడిచారు. కొమురవ్వ తప్పయిందని రెండుసార్లు అంది. గంగుబాయి ఆమె వైపు చూడకుండా నడుస్తూనే ఉంది. బడి కనబడేసరికి వాకిట్లో అప్పటికే జీపు ఆగి ఉంది.

నాటిక మొదలైంది. పడవలో గంగుబాయి రెండు కర్రలతో ధాన్యం రాలుస్తోంది. డకోటా నాయకుడు నడుచుకుంటూ వచ్చాడు. తలకు ఎర్ర పట్టీ ఉంది. ఐదు జేబులూ ఖాళీ. వెనక వరసలో ఎవరో కిసుక్కుమన్నారు. కైలాసం సార్ కంగారుగా ఈకలేవని సైగ చేశారు.

ఇన్‌స్పెక్టరు గారు కళ్ళద్దాలు సవరించుకుని, నాయకుడి తల మీద ఈకలుండాలి కదా, మరిచిపోయావా అని అడిగారు.

కొమురవ్వ తల దించలేదు.

"మరువలేదు సార్. నాకు ఇంకా ఎవ్వలూ ఇయ్యలే."

పడవలో కర్రల చప్పుడు ఆగింది. పొద్దుటి నుంచి మొదటిసారి గంగుబాయి ఆమె వైపు చూసింది. చూసి, బెంచీ మీద కొంచెం పక్కకు జరిగి చోటిచ్చింది.