బండి దించి కొలవాలి

ఆదివారం పొద్దున్నే షెడ్డులోంచి జాకీ కిర్రుమన్న చప్పుడు వినబడగానే, నాన్న మళ్ళీ ఆ పాత కారు కిందికి దూరాడని కూతురికి అర్థమైపోయింది. వంటగదిలో అమ్మ టీ వడగడుతూ నిట్టూర్చింది.

"పెళ్ళైన కొత్తలో కొన్నాడు ఆ బండి. అప్పట్నుంచీ నాకు సవతే. ఈసారన్నా షాఫ్టు సరిగ్గా కొయ్యి తల్లీ, మనిషి కాస్త కుదురుకుంటాడు."

కూతురు నాన్న కప్పు అందించింది. ఆమె ఒక వర్క్‌షాపులో ఇనుము కోసి చెక్కే లేత్ మిషన్ మీద పనిచేస్తుంది. గేర్ బాక్సు నుంచి వెనక ఇరుసు దాకా వెళ్ళే పొడుగాటి కడ్డీ, ఆ షాఫ్టు, వంగిపోతే, కొత్తది వాళ్ళ వర్క్‌షాపులోనే చేయించారు. ఒకసారి కాదు, రెండుసార్లు. రెండూ పొడుగయ్యాయి. బిగించేటప్పుడు చక్కగా కూర్చోవడం, బండి దించగానే వెళ్ళి గేర్ బాక్సుకి గుద్దుకోవడం. జీవితమంతా మెకానిక్‌గా బతికిన నాన్న, వర్క్‌షాపు మొత్తాన్నీ దుమ్మెత్తిపోశాడు. ఆయన కొలత తప్పడమనేది ఆ ఇంట్లో ఎవరూ ఊహించని సంగతి. అందుకే ఆమె తలొంచుకుని తిట్లన్నీ తిన్నది. కానీ రెండోది ఆమె తన చేత్తో కోసింది. ఆయన చెప్పిన కొలతకి వెంట్రుకవాసి తేడా లేదు. అదే లోలోపల తొలిచేస్తోంది.

టీ పట్టుకుని షెడ్డులోకి వెళ్ళింది.

నాన్న బండి బాడీ కింద స్టాండ్లు పెట్టి ఎత్తేశాడు. వెనక చక్రాలు గాల్లో వేలాడుతున్నాయి. అలా ఎత్తితే ఇరుసు కిందికి జారి కొలత పెరుగుతుంది. ఒకప్పుడు చక్రాల మీద బరువుండగా కొలవకపోతే పనివాళ్ళని చెడామడా తిట్టేవాడు ఆయన. అందుకే షెడ్డులో గుంత తవ్వించాడు, బండి నేల మీదే ఉండగా మనిషి కింద నిలబడి కొలవచ్చని. ఇప్పుడు ఆ గుంత మీద పరిచిన చెక్కల మీదే వెల్లకిలా పడుకుని టేపు లాగుతున్నాడు.

"నాన్నా, ఎత్తి కొలుస్తున్నావేంటి?"

"ఎత్తకుండా కిందికెలా దూరతారే? కొలవడం నాకు నేర్పుతావా? రెండు షాఫ్టులు తగలేశావు. నలుగురిలో నా పరువు తీశావు. ముందు కొయ్యడం నేర్చుకో."

ఆమెకి ఒళ్ళు మండిపోయింది. "నేను తగలెయ్యలేదు. నువ్వు చెప్పినంతే కోశాను. ఇలా వేలాడేసి కొలిచింది నువ్వు. బండి దించి కొలవాలని నాకు చెప్పింది నువ్వే కదా."

ఆయన బయటికి వచ్చి చక్రాన్ని చేత్తో తిప్పాడు. అది ఆగకుండా తిరిగింది. దాన్నే చూస్తూ నెమ్మదిగా అడిగాడు.

"ఎప్పుడు చెప్పాను?"

వాదించడానికి అడగలేదు. నిజంగానే తెలియక అడిగాడు.

వెనకే వచ్చి గుమ్మంలో నిలబడ్డ అమ్మ ఆమె రెక్క పట్టుకుని బయటికి లాక్కొచ్చింది. "ఆ మాట అనకపోతే నీ సొమ్మేం పోయిందే?"

"నీకు ముందే తెలుసా?"

అమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. "మొన్న బట్టలారేస్తుంటే వచ్చి, 'మా ఆవిడ ఎక్కడికెళ్ళిందండీ' అని నన్నే అడిగాడు. ఇంట్లోనే ఉంది, వస్తుంది అన్నాను. బండి పనొక్కటీ గుర్తున్నంత కాలం మనతోనే ఉంటాడులే అనుకున్నాను. ఇప్పుడు అదీ పోయింది."

ఇద్దరూ గోడకి ఆనుకుని ఏడ్చారు. ఆ సంగతి ఆయనకి చెప్పే ధైర్యం ఇద్దరికీ లేదు.

లోపలి నుంచి పిలుపు వచ్చింది. "అమ్మడూ." వెళ్ళేసరికి ఆయన టేపు ఆమె చేతిలో పెట్టాడు. "నువ్వు కొలువు. నా మీద నాకు నమ్మకం పోయింది."

ఆమె గుంత మీద చెక్కలు తీసింది. బండి దించింది. చక్రాల మీద బరువు కోసం ఆయన్ని స్టీరింగు ముందు కూర్చోబెట్టింది. ఏళ్ళ తరబడి ఆ బండెక్కనని భీష్మించుకున్న అమ్మ, వచ్చి పక్క సీట్లో కూర్చుంది. కూతురు గుంతలోకి దిగి టేపు పట్టింది.

"ఎంత వచ్చిందమ్మడూ?"

"వెయ్యిన్నీ రెండొందల పద్దెనిమిది మిల్లీమీటర్లు నాన్నా."

"బాగుంది."

కాసేపటికి పైనుంచి అదే గొంతు. "ఎంత వచ్చింది?"

గుంతలో ఆమె కళ్ళు తుడుచుకుని, టేపు మళ్ళీ ఆనించి, అప్పుడే కొలిచినట్టు చెప్పింది.

ఆయన మూడోసారి అడిగాడు. ఆమె టేపు మళ్ళీ ఆనించబోయింది. అప్పుడు పక్క సీట్లోంచి అమ్మ, ఆయన చెయ్యి పట్టుకుని కాబోలు, నెమ్మదిగా ఆ అంకె చెప్పింది.