మూడు లాప్‌టాపులు, ఒక కాటా

"ఏవండీ, ఇదేమన్నా కూరగాయల కొట్టనుకున్నారా?"

అతను ఉలిక్కిపడ్డాడు. ఇంటి నుంచి సంచిలో వేసుకొచ్చిన వంటింటి కాటా కౌంటరు అద్దం మీద ఉంది. దాని మీద చిన్న లాప్‌టాప్ ఒకటి బుద్ధిగా కూర్చుంది.

"బరువు చూస్తున్నానండీ."

"అట్టపెట్టె మీద రాసే ఉంది కదా, కిలో నూరు గ్రాములని."

"ఛార్జరు కలపకుండా రాస్తారు. మోసేటప్పుడు నేను ఛార్జరు కూడా మొయ్యాలి కదండీ."

కౌంటరు అమ్మాయి సొరుగులోంచి ఛార్జరు తీసి, తీగ చుట్టి, తనే కాటా మీద పెట్టింది. ఇద్దరూ ఒకేసారి వంగి అంకె చూశారు.

"కిలో మూడొందల ఎనభై!" అంది. "రెండేళ్ళుగా అందరికీ కిలో నూరనే చెప్పి అమ్ముతున్నాను. మిగతా రెండూ తెస్తాను, ఉండండి."

అతను వంతెనలు పరీక్షించే ఉద్యోగంలో కొత్తగా చేరాడు. వచ్చే సోమవారం జీపెక్కితే ఆరు నెలల తిరుగుడు. వంతెన కిందికి దిగి, పగుళ్ళు కొలిచి, ఫొటోలు తీసి, అక్కడే కూర్చుని రిపోర్టు పంపాలి. లాప్‌టాప్ ఎవరిది వాళ్ళే తెచ్చుకోవాలి. అది లేకుండా వచ్చినవాడి సీటు ఇంకొకరికి ఇచ్చేస్తామని ఆఫీసు ముందే చెప్పింది.

చేతిలో ఉన్న డబ్బుకి మూడే వచ్చాయి. మొదటిది అన్నింటికన్నా చవక. రెండోదాని తెర మెరవదు, ఎండలోనూ అక్షరం కనిపిస్తుంది. మూడోదాని కీబోర్డు మెత్తన, ఛార్జరు మాత్రం ఇటుకరాయి.

"మొదటిది తీసుకుంటే రెండు అప్‌డేట్లకే స్టోరేజీ నిండిపోతుంది," అందామె. "మీ పగుళ్ళ ఫొటోలన్నీ ఎక్కడ దాస్తారు?"

"మీరు అమ్మడానికున్నారా, ఆపడానికున్నారా?"

"కొన్నవాళ్ళు తిరిగొచ్చి తిట్టకుండా చూడ్డానికున్నాను."

మంగళవారం మళ్ళీ వచ్చాడు. బుధవారం వచ్చాడు. గురువారం వానలో తడుస్తూ వచ్చాడు. ఒకచోట నిలబడలేడు. మూతలు తెరుస్తాడు, మూస్తాడు, బ్యాటరీ శాతం నోటుబుక్కులో రాసుకుంటాడు, తలుపు దాకా వెళ్ళి మళ్ళీ వెనక్కొస్తాడు. ఆమె విసుక్కునేది కాదు. అతను వచ్చేసరికి మూడు మెషీన్లూ నిండా ఛార్జింగుతో వరసగా ఉండేవి. బుధవారం నుంచి పక్కన ఒక స్టూలు కూడా ఉంది.

"కాటాగారూ, కూర్చుని తిరగండి," అనేది.

ఇంట్లో వదిన ఊరుకుంటుందా?

"ఏమయ్యా మరిదీ, మీ అన్నయ్య నన్ను ఒక్కసారి చూసి సరే అన్నాడు. నువ్వు ఆ డబ్బాని నాలుగోసారి చూసొస్తున్నావు. అంత అందంగా ఉందా?"

"పోల్చి చూడాలి కదా వదినా."

"చూడు, చూడు. నా కాటా మాత్రం పట్రా. అంచనాగా చక్కెర వేస్తుంటే మీ అన్నయ్య కాఫీ తాగి నా మొహం చూస్తున్నాడు."

నిజానికి పోల్చడం బుధవారమే అయిపోయింది. కొనాల్సింది రెండోదే. కొన్నాడా, ఇక ఆ షాపుకి వెళ్ళడానికి వంక ఉండదు. కొనలేదా, ఉద్యోగం పోతుంది. ఈ రెండింటి మధ్యా అతని కాలు కుదురుగా ఉండటం లేదు. నోటితో చెప్పలేని మాటలన్నీ వేళ్ళు చెప్పుకునేవి. కీబోర్డు పరీక్షిస్తున్నట్టు నోట్‌ప్యాడ్ తెరిచి టకటకా కొట్టేవాడు. ఆమె ఇటు రాగానే సేవ్ చేయకుండా మూసేసేవాడు.

శుక్రవారం ఆమె స్వరం మారింది.

"ఇవాళ ఏదో ఒకటి తేల్చండి. రేపు సాయంత్రం ఈ డెమో మెషీన్లు కంపెనీకి వెనక్కి వెళ్ళిపోతాయి."

అతనికి చివుక్కుమంది. విసిగిపోయిందన్నమాట. అయిదు రోజులు తిరిగితే ఎవరికి మాత్రం విసుగు రాదు? ఆ రోజు ఒక్క కీ కూడా ముట్టుకోలేదు. "ఆలోచించి చెప్తానండీ," అని వానలోకి నడిచాడు. గొడుగు అక్కడే మరిచిపోయాడు.

శనివారం వచ్చేసరికి షాపులో రద్దీగా ఉంది. ప్రింటరు రిపేరుకి తెచ్చిన ఒక పెద్దాయన కౌంటరు దగ్గరే నిలబడి ఉన్నాడు. ఏదో ఒకటి కొనేసి వెళ్ళిపోదామని, అతను ఆమె మొహంలోకి చూడకుండా అన్నాడు.

"మొదటిది ఇచ్చెయ్యండి."

"ఇవ్వను."

"అదేంటండీ?"

"రెండోదే కొనాలని మీరే రాశారు కదా."

"నేనా? ఎక్కడ?"

ఆమె రెండో మెషీను అతని వైపు తిప్పి నోట్‌ప్యాడ్ తెరిచింది. మంగళవారం నుంచి గురువారం దాకా అతను కొట్టినదంతా అక్షరం పోకుండా ఉంది. 'రెండోదే నాది. కొంటే రేపు ఈమెని చూడటానికి ఏ వంకతో రావాలి? అందుకే కొనడం లేదు.' దాని కింద ఇంకా చాలా ఉంది. చెవులు ఎర్రబడి అతను చటుక్కున మూత వేసేశాడు.

"నేను... సేవ్ చేయలేదే!"

"మూసినా నోట్‌ప్యాడ్ దాచే ఉంచుతుందండీ. తెరవగానే మళ్ళీ పైకి తెస్తుంది. సాయంత్రాలు డెమో మెషీన్లలో ఎవరేం రాసినా చెరిపెయ్యడం నా పని."

"మరి చెరపలేదే?"

"చెరపలేదు. రోజూ మీ కంటపడకుండా వేరే ఫైల్లోకి మార్చి దాచాను." ఆమె బిల్లు పుస్తకం అంచు సరిచేసింది. "మెషీను వెనక్కి వెళ్తే ఇంకెవరో చదువుతారు కదా. ఈలోగా మీరే నోరు విప్పుతారని తొందరపెట్టాను. మీరేమో గొడుగు కూడా పారేసి పారిపోయారు."

"విసుక్కున్నారనుకున్నాను."

"మూడు రోజులు చదివాను. ఇప్పుడు వినాలని ఉంది. చెప్పండి."

అతను పెద్దాయన వైపు చూశాడు. ఆయన ప్రింటరు కింద పెట్టి, "కానివ్వు బాబూ. నాది ఆర్నెల్ల నుంచీ పాడే, ఇంకో అయిదు నిమిషాలకి కొత్తగా పాడయ్యేదేం లేదు," అని గోడకున్న కేలండరు వైపు తిరిగాడు.

"మీరంటే నాకు ఇష్టం," అన్నాడతను. వారం రోజుల తర్వాత మొదటిసారి అతని కాళ్ళు కదలకుండా నిలబడ్డాయి. "ఎల్లుండి వెళ్ళిపోతాను. ఆరు నెలలయ్యాక మళ్ళీ ఇక్కడికే రావాలని ఉంది. కొనడానికి ఏమీ లేకపోయినా."

ఆమె రెండో రకంలో కొత్త పెట్టె ఒకటి దించింది. సీలు చూపించింది. బిల్లు రాసింది. పెన్ను రెండుసార్లు ఆగిపోయింది.

"ఏదో ఒకటి అనండి," అన్నాడతను.

"రేపు ఆదివారం. పదింటికి మా ఇంటికి రండి. నాన్నకి నిన్ననే చెప్పాను."

"నిన్ననా! ఏమన్నారు?"

"ఏమంటారు? మా నాన్నదీ మీ తీరే. చెప్పులు కొనాలన్నా మూడు జతలు పక్కపక్కన పెట్టి చూడందే లేవరు. అల్లుడి విషయంలోనూ పోల్చి చూడొద్దా అని అడిగారు."

అతను పెట్టెని గుండెకి గట్టిగా అదుముకున్నాడు.

"మిగతా ఇద్దరూ ఎవరండీ?"

"ఆయనా అదే అడిగారు," అంది ఆమె, బిల్లు చింపి అతని చేతిలో పెడుతూ. "ఎవరూ లేరని చెప్పాను."